శ్రీ సామర్ల వేంకటరంగారావు గారు: వెండితెరపై తండ్రి

ఈ వార్షిక సంచికకు గతించిన మహనీయులలో నొకరి చరిత్రము వ్రాసి పంపవలసినదని సంపాదకమహాశయులు కోరిరి. కవినో పండితునో కాక ఒక నటుని మేమెన్నుకొనుట కొందఱు మిత్రులకు వింతగా తోచినది. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు కావ్యపాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న మాకు సినిమాలతో పని యేమని వారడిగిరి. పని కలదు. తండ్రి యనువా డెట్లుండవలెనో, ఎట్లుండరాదో, మా తరమువారు సగము తమ యింట నేర్చిరి. తక్కిన సగము డేరా హాళ్లలో నేలపై కూర్చుండి నేర్చిరి. ఆ రెండవ బడిలో పెద్ద పంతులు ఎస్వీ రంగారావు గారు.

ఒక విశేషము చిత్తగింపుడు. 1932లో విడుదలయి, తెలుగున తొలి టాకీగా పేరొందిన హెచ్.ఎం. రెడ్డి గారి భక్తప్రహ్లాద తండ్రికొడుకుల తగవే. మన వెండితెర నోరు విప్పుటయే పితృభావమును గూర్చి విప్పినది. ఆ కథ రంగారావు గారి చేతికి వచ్చుటకు మఱి ముప్పదియైదేండ్లు పట్టినది.

రంగారావు గారు 1918వ సంవత్సరము జూలై 3వ తేదీన నూజివీడులో జన్మించిరి. తండ్రి కోటేశ్వరరావు గారు అబ్కారీ శాఖలో ఉద్యోగి. ఆ కొలువునందు ఊరూరు మాఱవలసివచ్చుటచేత పిల్లవాడు నాయనమ్మ చెంత మద్రాసున పెరిగెను. అక్కడి హిందూ హైస్కూలులో చదువుచుండగనే రంగస్థల మెక్కెను. పిమ్మట విశాఖపట్టణమునను కాకినాడలోను కళాశాల చదువులు సాగినవి. కాకినాడలోని యంగ్‌మెన్స్ హాపీ క్లబ్ ఆయనకు నాటకవిద్యాలయ మయ్యెను. అంజలీదేవి గారు, ఆదినారాయణరావు గారు, రేలంగి వేంకటరామయ్య గారు మొదలగువా రా గోష్ఠివారే. పట్టభద్రుడైన వెనుక బందరులోను విజయనగరములోను అగ్నిమాపక శాఖలో ఆఫీసరుగా నుండిరి. ఆ యుద్యోగమును వదలి 1947 ప్రాంతమున వచ్చిన వరూధిని చిత్రమున ప్రవరుని వేషము ధరించిరి. చిత్రము నిలువలేదు. గృహస్థుడైన నటునకు నెలజీతము కావలసివచ్చినది. జంషెడ్‌పూరునకు పోయి టాటావారి కొలువున చేరిరి.

ఇక్కడ నొక్క సంగతి మా మనస్సున నిలిచినది. 1950లో విడుదలైన పల్లెటూరి పిల్ల చిత్రమున ముఖ్యమైన ప్రతినాయకుని వేషమునకు ఆయనను పిలిపించిరి. ఆ సమయముననే తండ్రి గతించెను. కర్మకాండ ముగించుకొని మద్రాసు చేరునప్పటికి ఆ వేషము వేఱొకరికి పోయినది. ఒక చిన్నపాత్రతో ఆయన తృప్తిపడవలసివచ్చెను. పెండ్లియై, సంపాదన స్థిరపడని దినములలో చేతికందిన యవకాశమును తండ్రి ఋణమునకై విడిచినవా డాయన. ఆ యేడే షావుకారు చిత్రమున సున్నపు రంగడుగా గుర్తింపు పొందిరి. 1951లో పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు. అప్పటి కాయన వయస్సు ముప్పదిమూడేండ్లైన నిండలేదు. ఆపై వెనుదిరిగి చూడవలసిన యగత్యము కలుగలేదు.

వీరు తండ్రిగా నటించిన చిత్రములన్నిటిని లెక్కించుట మా ఉద్దేశము కాదు. వయస్సును మాత్రము గమనింపుడు. 1962లో వచ్చిన గుండమ్మకథలో నందమూరి తారకరామారావు గారికి, అక్కినేని నాగేశ్వరరావు గారికి ఆయన తండ్రి. నిజమునకు వారికంటె అయిదాఱేండ్లు మాత్రమే పెద్ద. (గుమ్మడి వేంకటేశ్వరరావు గారిదియు నిట్టి చిత్రమే, రామారావు గారికంటె చిన్నవారయ్యు మహామంత్రి తిమ్మరుసులో ఆయనచే అప్పాజీ యని పిలిపించుకొనిరి.) పెట్టుడు మీసమును, తల నెరపును చూచి జనులు తండ్రియని నమ్ముదురా? నమ్మరు. గుండమ్మకథలో కొడుకులు వేయు ఎత్తులన్నిటిలో తండ్రికి పాలు కలదు. ఎదిగిన కొడుకు మారువేషమున పరుల యింట చాకిరి చేయుచుండగా, ఆ రహస్యమును మోయుచు పైకి గంభీరముగా నుండుట ఆయన పని. మిత్రత్వము చూపుచు పెద్దఱికము జారకుండ నిలుపుకొనుట యెట్లో ఆ చిత్రమున చూడవలెను. ఎదిగిన కొడుకులున్న తండ్రుల కది నేటికిని పనికివచ్చు పాఠము.

1955లో వచ్చిన మిస్సమ్మలో మఱియొక తండ్రి. చిన్ననాడు తప్పిపోయిన కూతురికై యెదురుచూచు జమీందారు. పాఠము చెప్పవచ్చిన పరమతపు పిల్లను బిడ్డవలె చూచుకొనును. ఆ పిల్లయే తన పిల్లయని తరువాత తేలును గాని, తేలక ముందే ఆయన తండ్రి యైనాడు. నవ్వుల నడుమ జరిగిపోవుటచే ఈ సూక్ష్మమును చాలమంది గమనింపరు.

ఆ సంవత్సరముననే వచ్చిన బంగారుపాప ఈ సూక్ష్మమునే కథగా మలచినది. బి.ఎన్. రెడ్డి గారి దర్శకత్వము, పాలగుమ్మి పద్మరాజు గారి మాటలు, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి పాటలు. మూలము జార్జి ఇలియట్ అను ఆంగ్ల రచయిత్రి 1861లో ప్రకటించిన సైలస్ మార్నర్ నవల. ఆంగ్లకథలో లోభియైన సాలెవాడు, తెలుగుతెరపై పగతో రగులు కోటయ్య. ఊరివారు చూచి తొలగిపోవు కరకు మనిషి; వాని చేతికి దిక్కులేని పసిపాప దొరకును. ఇనుము వంటి ఆ చేతులకు బిడ్డ నెత్తుకొనుట తెలియదు. రంగారావు గారి ప్రజ్ఞ అంతయు ఆ తెలియమియందే కలదు. ఒక్కసారిగా మంచివాడై పోడు. గొంతు మాత్రము కొంచెము తగ్గును, అడుగు మెత్తనగును, కోపము వచ్చినను బిడ్డ నిదురించుచున్నదని గుర్తువచ్చి ఆగును. పాప పెరిగి పెండ్లీడు వచ్చిన పిదప, కన్నతండ్రి సంపన్నుడై యున్నాడని తెలియును. అప్పుడు కోటయ్య కన్నులలో కనబడు భయము ఒక్కటి చాలును. అట్టి భయము పగవాని ముందైనను ఆయన యెరుగడు.

కాళిదాసమహాకవి రఘువంశమున దిలీపుని వర్ణించుచు, ప్రజలకు వినయము గఱపి రక్షించి భరించిన రాజే తండ్రి యనియు, కన్నవారు పుట్టుకకు కారణము మాత్రమే యనియు చెప్పెను. ఆ శ్లోకమును మేము ప్రతియేట తరగతిలో బోధించితిమి. దాని తాత్పర్యము కోటయ్యను చూచిన నాటికి గాని మాకు పూర్తిగా బోధపడలేదని యిప్పుడు ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

1962లోనే వచ్చిన ఆత్మబంధువులోను అదే పోకడ; కన్న కొడుకులు కష్టకాలమున ముఖము చాటువేయగా, పెంచిన నిరక్షరాస్యుడు నిలుచును. 1968నాటి లక్ష్మీనివాసము మాకు రుచింపలేదు. ఆస్తి పోయినదని నటించి బిడ్డలకు బుద్ధి చెప్పు తండ్రి కథ యది. నటన కొఱత లేదు గాని, బొంకుతో బోధించిన నీతి యెన్నాళ్లుండును? ఆయన స్వయముగా దర్శకత్వము వహించిన చదరంగము, బాంధవ్యాలు చిత్రములును ఇంటి సంగతులే. నర్తనశాలలోని కీచకునకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున ఉత్తమనటుడను గౌరవము వచ్చినది. జనులు విశ్వనటచక్రవర్తి యనిరి.

ఇక ప్రహ్లాదుని తండ్రి. 1967లో ఏ.వి.యం. వారు చిత్రపు నారాయణరావు గారి దర్శకత్వమున భక్తప్రహ్లాదను నిర్మించిరి. ప్రహ్లాదుడు బాలనటి రోజారమణి. హిరణ్యకశిపుడనగా అరపులు, గద, మీసము అని పూర్వులలో పలువురు తలచిరి. రంగారావు గారు మొదట తండ్రిగా కనబడిరి. గురుకులమునుండి వచ్చిన బాలుని దగ్గరకు తీసి యేమి చదివితివని ముచ్చటగా అడుగు ఘట్టమును చూడుడు. వాని చదువే తన కీర్తి యని యెంచు తండ్రి యాతడు. బాలుడు తన మనస్సులోనిది చెప్పగనే ఆ ముఖమున తొలుత వచ్చునది కోపము కాదు, అవమానము. కోపము దాని వెనుక వచ్చును. కొండలనుండి త్రోయించుట, ఏనుగులచే త్రొక్కించుట మొదలగు ఘోరములన్నియు ఆ మొదటి అవమానమునకు బిడ్డలే. దంపతులలో తల్లియైన లీలావతిగా అంజలీదేవి గారు ఈ నడుమ నలిగిన తీరు వేఱుగా వ్రాయదగినది.

ఈ ఘట్టమునుగూర్చి యింత వ్రాయుటకు కారణ మొకటి కలదు. మా కుమారుడు చిన్నతనమున చిత్రలేఖనము నేర్వగోరెను. అది కూడు పెట్టదని మేము రంగులడబ్బాను అటకపై పెట్టించి, వానిని లెక్కలలో ప్రవేశపెట్టితిమి. వాడు ఎదురాడలేదు. చదివినాడు, మంచి ఉద్యోగమున నున్నాడు. కొన్నియేండ్ల క్రిందట పండుగకు వచ్చి కూతురిని ఒడిలో నుంచుకొని టెలివిజనులో ఈ చిత్రమునే చూచుచుండెను. అంత ప్రేమగా అడిగినవాడు అంతలో ఎందుకు కొట్టించుచున్నాడని ఆ పిల్ల అడిగినది. మా వాడు మావంక ఒకసారి చూచి, మరల తెరవైపు తిరిగెను. వ్యాకరణసూత్రములకు శాస్త్రార్థములు చెప్పిన మేము ఆ పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతిమి. మఱునాడు అటక దింపించి వెదకితిమి; డబ్బా చిక్కినది, రంగులు రాళ్లవలె నుండెను. ఆ పిల్లకు క్రొత్తవి కొని యిచ్చితిమి. మా వానితో మాత్రము ఆ మాట యింతవరకు ఎత్తలేదు.

కడపటి సంవత్సరములలో ఆయనకు తండ్రి వేషములతో పాటు తాత వేషములును వచ్చినవి. దాసరి నారాయణరావు గారి తొలిచిత్రమైన తాతామనవడులో, తన కష్టముతో చదివించిన కొడుకుచేత త్యజింపబడిన ముదుసలిగా ఆయన హాలులోని వారిని కన్నీరు పెట్టించిరి. 1974వ సంవత్సరము జూలై 18వ తేదీన మద్రాసున ఆయన పరమపదించిరి. ఏబదియాఱేండ్లు. తెరపై ఆయన ధరించిన వార్ధక్యము నిజజీవితమున ఆయనకు దక్కలేదు. కడపటి చిత్రమైన యశోదకృష్ణ మఱుచటి యేడు విడుదల యయ్యెను. అందు ఆయన కంసుడు.