మనల్ని నవ్వించిన జంధ్యాల



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాసివ్వమని మన సంపాదక వర్గం పిల్లలు నన్ను అడిగారు. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి, సావిత్రీబాయి ఫూలే గారి గురించి నా కంటే బాగా రాసే అన్నలు ఉన్నారు. అందుకే నేను వేరే దారి పట్టాను. 1980ల చివర్లో ఈ హాస్టల్లో చదువుకున్న మా తరానికి రోజూ గుర్తొచ్చే పేరు ఒకటి ఉంది. పొద్దున చారు గిన్నె ముందు, రాత్రి కరెంటు పోయినప్పుడు, పరీక్ష ఫెయిలైనప్పుడు కూడా ఆ పేరే. ఆయన నాయకుడు కాదు, కవి కాదు. ఆయన జంధ్యాల.

ముందుగా మన పేట సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పుడు అమీర్‌పేట అంటే మీకు మైత్రీవనం, కంప్యూటర్ కోచింగులు, 2017 నవంబరులో మొదలైన మెట్రో జంక్షన్ గుర్తుకు వస్తాయి. మాకు మాత్రం అమీర్‌పేట అంటే సారథి స్టూడియో. తెలుగు సినిమా అంతా మద్రాసులో ఉన్న రోజుల్లోనే, 1950ల చివర్లో, హైదరాబాదులో వెలసిన స్టూడియో అది. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ అక్కడే తీశారు. మేము ఉన్నప్పుడు మద్రాసు నుండి సినిమావాళ్ళు ఒక్కొక్కరే ఇటు వస్తున్నారు. శ్రీనగర్ కాలనీలో ఆఫీసులు, కృష్ణానగర్‌లో వేషాల కోసం తిరిగే జనం. పంజాగుట్ట బస్టాపులో మన పక్కన నిలబడ్డ మనిషి సాయంత్రానికి టీవీలో పోలీసుగానో పెళ్ళికొడుకు మామగానో కనబడేవాడు. సారథి గేటు ముందు మేము ఎన్ని ఆదివారాలు నిలబడ్డామో లెక్క లేదు. జంధ్యాల గారిని మాత్రం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆయన 1951 జనవరి 14న, సరిగ్గా సంక్రాంతి నాడు, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. అసలు పేరు జంధ్యాల వీర వెంకట దుర్గా శివ సుబ్రహ్మణ్య శాస్త్రి. మన హాజరు పట్టీలో ఒక గడిలో పట్టే పేరు కాదు. ఇంటిపేరే ఆయన పేరుగా మిగిలిపోయింది. బి.కాం. చదివారు గానీ లెక్కల పుస్తకాల కంటే నాటకాల మీద మనసు ఎక్కువ. ‘ఏక్ దిన్ కా సుల్తాన్’, ‘గుండెలు మార్చబడును’ వంటి నాటకాలు రాశారు. నాటకం రాసేవాడికి ఒక మంచి అలవాటు పడుతుంది. ఎదురుగా కూర్చున్న జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ దగ్గారో వెంటనే తెలిసిపోతుంది. సినిమాలో ఆయన మాటలు అంత కొలతగా పడటానికి ఆ రంగస్థలమే కారణమని నా అభిప్రాయం.

పాతికేళ్ళ వయసులోనే సినిమాల్లో రచయితగా పేరు వచ్చింది. 1976లో కె. విశ్వనాథ్ గారి ‘సిరిసిరిమువ్వ’కు, మరుసటి ఏడు ఎన్.టి.ఆర్. నటించిన ‘అడవిరాముడు’కు మాటలు ఆయనవే. ఒకటి మాట రాని అమ్మాయి కథ, ఇంకొకటి ఈలలు, చప్పట్ల సినిమా. 1979 ‘వేటగాడు’లో రావు గోపాలరావు గారు ప్రాసల మీద ప్రాసలు గుక్క తిప్పుకోకుండా వదులుతుంటే జనం ఊగిపోయారు. ఆ వెంటనే 1980లో ‘శంకరాభరణం’. రైల్వే టైంటేబుల్ లాంటి ప్రాసలు రాసిన చేయి, ఒక ముసలి సంగీత విద్వాంసుని మౌనాన్ని కూడా రాసిందంటే మాకు నమ్మకం కలిగేది కాదు. తర్వాత ‘సాగర సంగమం’, ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, కాల యంత్రం కథైన ‘ఆదిత్య 369’ - వీటన్నిటికీ మాటలు ఆయనవే. క్విజ్ పోటీల్లో ఈ ప్రశ్న అడగండి, సగం మంది తప్పుతారు. జంధ్యాల అంటే కామెడీ అని మాత్రమే మన జనానికి గుర్తు.

1981లో దర్శకుడయ్యారు. మొదటి సినిమా ‘ముద్దమందారం’. హీరో ప్రదీప్, హీరోయిన్ పూర్ణిమ, ఇద్దరూ కొత్తవారే. 1982లో ‘నాలుగు స్తంభాలాట’ వచ్చింది. అందులో వీరభద్రరావు, వేలు గార్ల సుత్తి జంట పుట్టింది. ఎదుటివాడు పారిపోయేదాకా సోది చెప్పడాన్ని సుత్తి అనడం ఈ సినిమాతో రాష్ట్రమంతా పాకిపోయింది. నటులిద్దరికీ అది ఇంటిపేరైంది. సుత్తి వీరభద్రరావు గారు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన మనిషి, పాపం 1988లోనే పోయారు. సుత్తి వేలు గారు 2012లో వెళ్ళిపోయారు. ఒక సినిమాలో పెట్టిన మాట ఇంత మంది నోళ్ళలో ఇన్నేళ్ళు నిలవడం చిన్న విషయం కాదు. మా హాస్టల్లో ఉదయం ప్రార్థన తర్వాత ఉపన్యాసం ఇచ్చే ప్రతి పెద్దమనిషికీ వెనక వరుసలో ఆ బిరుదు ఇచ్చేవాళ్ళం.

1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’. పొత్తూరి విజయలక్ష్మి గారి నవల ఆధారం. ఒక అమ్మాయి, ఊరూ పేరూ తెలియని ఎవరికో ప్రేమలేఖ రాసి పోస్టు చేస్తుంది, అంతే కథ. ఉషాకిరణ్ మూవీస్ వారి మొదటి చిత్రం ఇదే. ఇందులో శ్రీలక్ష్మి గారు సినిమా కథ చెప్పాలంటే తెర మీద పడే పేర్లతో సహా మొదలుపెడతారు. మా గదిలో ఒక మిత్రుడికి అచ్చం ఆ జబ్బే ఉండేది. 1986లో మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవలతో ‘చంటబ్బాయ్’ తీసి, ఫైట్లు చేసే చిరంజీవి గారిని తికమక డిటెక్టివుగా మార్చి, చార్లీ చాప్లిన్ వేషం, ఆడవేషం కూడా వేయించారు. 1987లో ‘పడమటి సంధ్యారాగం’ అమెరికాలో తీశారు. విజయశాంతి గారి పక్కన నటించిన ఆ తెల్ల కుర్రాడి పేరు థామస్ జేన్. తర్వాత హాలీవుడ్‌లో పెద్ద నటుడై 2004లో ‘ది పనిషర్’ హీరో అయ్యాడు. ఈ ముక్క మీ క్లాసులో చెబితే ఎవరూ నమ్మరు, పందెం వేసుకోవచ్చు.

నవ్వు లేని సినిమా కూడా ఆయనకు చేతనవును. మగవాళ్ళే ఆడే కూచిపూడిని ఒక ఆడపిల్లకు నేర్పి ఊరిని ఎదిరించిన గురువు కథ ‘ఆనందభైరవి’. గురువుగా కన్నడ రచయిత గిరీష్ కర్నాడ్ గారు, శిష్యురాలిగా మాళవిక గారు నటించారు.

ఇక అసలు సంగతి. 1988 వార్షికోత్సవం రాత్రి. తలా రెండు రూపాయలు వేసుకుని అమీర్‌పేటలో ఒక కొట్టు నుండి వి.సి.పి., కలర్ టీవీ, మూడు క్యాసెట్లు అద్దెకు తెచ్చాం. వరండాలో జంపఖానాలు పరిచాం. రెండో క్యాసెట్ ‘అహ నా పెళ్ళంట’. 1987 నవంబరులో విడుదలైన సినిమా. నిర్మాత డి. రామానాయుడు గారు. కథకు మూలం ఆదివిష్ణు గారి ‘సత్యంగారిల్లు’ నవల. సంగీతం రమేష్ నాయుడు గారు, సినిమా విడుదల కాకముందే సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు గారు. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసిన మనిషి. 2025 జూలైలో ఆయన పోయినప్పుడు అన్ని ఛానళ్ళూ ముందుగా చూపించింది ఆ లక్ష్మీపతినే. పిసినారి కూతురిని పెళ్ళి చేసుకోవడానికి రాజేంద్రప్రసాద్ గారు అంతకన్నా పెద్ద పిసినారిలా నటించడం కథ.

అందులో కోడి సీను మీ అందరికీ తెలుసు. లక్ష్మీపతి ఒక కోడిని పైనుండి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. కోడి కూర తిన్నట్టే అని లెక్క. ఆ రాత్రి వరండా అదిరేలా నవ్వాం. ఇళ్ళల్లో కూర్చుని చూసినవాళ్ళ నవ్వు వేరు, మా నవ్వు వేరు. ఎందుకంటే మేము ఆ పని నిజంగా చేసేవాళ్ళం! పలచటి చారు పడిన రోజున ఒకడు ఊరి పెళ్ళిలో తిన్న మటన్ గురించి చెబుతుంటే మిగతా వాళ్ళం వింటూ అన్నం కలుపుకునేవాళ్ళం. మా ఆకలి మాకే హాస్యంగా కనబడటం అదే మొదటిసారి. మరునాటి నుండి భోజనాల గదిలో గోడ మీద చాక్‌పీసుతో ఎవరో కోడి బొమ్మ వేశారు. వార్డెన్ గారు చూసి కోప్పడలేదు, తుడిపించనూ లేదు.

కానీ నేను చెప్పాలనుకున్నది కోడి గురించి కాదు, అరగుండు గురించి. లక్ష్మీపతి ఇంట్లో పనివాడు అరగుండు. బ్రహ్మానందం గారు. అత్తిలిలో తెలుగు లెక్చరరుగా పనిచేస్తున్న ఆయనను జనం గుర్తుపట్టేలా చేసింది ఈ వేషమే. 2009లో పద్మశ్రీ వచ్చింది. ఒక పేద వడ్రంగి కొడుకు ఆయన. యజమాని ఎంత తిట్టినా అరగుండు పైకి నోరెత్తడు. ఆయన వినకుండా తన శాపనార్థాలన్నీ పెడతాడు. ఆ సీన్లు వచ్చినప్పుడు మా వెనకాల ఎవరో పెద్దగా నవ్వడం వినిపించింది. తిరిగి చూస్తే మా వంట తాత. పొయ్యి దగ్గర తప్ప ఎక్కడా కూర్చోని మనిషి గుమ్మానికి ఆనుకుని, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. సినిమా అయ్యాక నా దగ్గరికి వచ్చి, ఆ గుండోడి ముక్క మళ్ళీ వేయమని సిగ్గుపడుతూ అడిగాడు. క్యాసెట్ వెనక్కి తిప్పి రెండుసార్లు వేశాం. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒక దొర ఇంట్లో జీతం ఉన్నానని ఆ రాత్రే చెప్పాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత మా గదిలో పెద్ద వాదన నడిచింది. మాలో బాగా చదివే ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. జంధ్యాల సినిమాల్లో అన్నీ మండువా ఇళ్ళు, పడక కుర్చీలు, మంచి ఉద్యోగాల తండ్రులు. మన వాడలు, మన అమ్మలు ఎక్కడ ఉన్నారు? మనం కనబడితే పనివాడి వేషంలోనే కదా? నేను అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఆ మాట కాదనలేను. ఆయన తనకు తెలిసిన ఇళ్ళనే తీశారు. అయితే ఒకటి గమనించాను. ఆ ఇళ్ళల్లో ఆయన వెక్కిరించింది పిసినారితనాన్ని, బడాయిని, రకరకాల పిచ్చి అలవాట్లను. అవన్నీ ఎక్కువగా ఇంటి యజమానులకే ఉంటాయి. బూతు లేకుండా గంటసేపు తిట్టవచ్చని చూపించారు. కొత్త కొత్త తిట్లు కల్పించారు, అందులో కులం పేరు ఉండేది కాదు. బడిలో కులం పేరుతో తిట్లు తిన్నవాడికి ఆ తేడా తెలుస్తుంది. నా మిత్రుడు మాత్రం ఇది విని ఒప్పుకోలేదు, నేటికీ ఒప్పుకోడు.

1988లో ‘వివాహ భోజనంబు’, 1989లో ‘జయమ్ము నిశ్చయమ్మురా’ వచ్చాయి. రెండింటికీ హీరో రాజేంద్రప్రసాద్ గారే. రెండోదానిలో తప్పిపోయిన కొడుకు కోసం కనబడిన ప్రతివాడినీ పట్టుకుని ఏడ్చే తల్లిగా శ్రీలక్ష్మి గారిని చూసి, ఏడుపుకు కూడా నవ్వు వస్తుందని తెలుసుకున్నాం. 1992లో విశ్వనాథ్ గారి ‘ఆపద్బాంధవుడు’లో జంధ్యాల గారే తెర మీదకు వచ్చి, హీరోయిన్ తండ్రిగా, కవిగా నటించారు. నవ్వించే మనిషి అంత నెమ్మదిగా, అంత బరువుగా మాట్లాడటం చూసి ఆశ్చర్యపోయాను. తొంభైలలో సినిమాల తీరు మారింది, ఆయనకు హిట్లు తగ్గాయి. 1999లో ‘విచిత్రం’ తర్వాత మళ్ళీ దర్శకత్వం వహించలేదు. మొత్తం మీద సుమారు 40 సినిమాలు తీశారు. మాటలు రాసినవి అంతకు ఎన్నో రెట్లు.

2001 జూన్ 19న హైదరాబాదులోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు యాభై దాటి అయిదు నెలలు. నాకు అప్పుడు పంజాగుట్ట దగ్గర చిన్న ఉద్యోగం. మరునాడు నిమ్స్ ఎదురుగా టీ కొట్టులో పేపర్ తీస్తే మొదటి పేజీలో ఆయన ఫోటో. పక్కన టీ తాగుతున్న ఒక ముసలాయన ఆ ఫోటో చూసి, కోడిని కట్టిన సినిమా తీసింది ఈయనేనా బాబూ అని నన్ను అడిగాడు. అవునన్నాను. ఆ సీను చెప్పమన్నాడు. ఆఫీసుకు ఆలస్యమవుతున్నా, శ్రీలక్ష్మి గారి లాగా టైటిల్స్ దగ్గర నుండి మొదలుపెట్టి చెప్పాను.

మేము సినిమాలు చూసిన అమీర్‌పేట సత్యం థియేటర్ ఇప్పుడు లేదు. ఆ స్థలంలో 2023లో ఏఏఏ సినిమాస్ వచ్చింది. సారథి స్టూడియో ఉంది. వంట తాత చాలా కాలం క్రితమే పోయాడు. భోజనాల గదికి ఎన్నో సున్నాలు పడ్డాయి గానీ, మొన్న సంచిక పని మీద వచ్చినప్పుడు కుడి గోడ మూల వెతికాను. కోడి బొమ్మ కనబడలేదు. చూపిస్తానని వెంట వచ్చిన తొమ్మిదో తరగతి తమ్ముడు మాత్రం, ఎక్కడ ఉండేదన్నా అని అడిగి, జేబులో నుండి చాక్‌పీసు ముక్క తీశాడు.