ధూళిని జయించిన ధీమంతుడు – హ్యూబర్ట్ సెసిల్ బూత్

మానవుడు ఇల్లు కట్టుకొన్న నాటినుండి అతనికి ధూళితో పోరు తప్పలేదు. ఉదయం ఊడ్చిన గది సాయంత్రానికి మరల మాసిపోతుంది. చీపురు ధూళిని కదిలించగలదే కాని బంధించలేదు. లేచిన దుమ్ములో కొంత చేటలోకి చేరుతుంది. కొంత ఊడ్చేవారి ఊపిరితిత్తులలోకి పోతుంది. మిగిలినది గాలిలో తేలియాడి తిరిగి నేలమీదికే దిగుతుంది. ఈ అనాది సమస్యకు యంత్రశాస్త్రంతో పరిష్కారం చూపినవారిలో అగ్రగణ్యుడు ఆంగ్లదేశపు ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్.

బూత్ 1871 జూలై 4వ తేదీన ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో జన్మించాడు. ప్రాథమిక విద్య స్వస్థలంలోనే ముగించుకొని, 1889లో లండన్ చేరి, సెంట్రల్ టెక్నికల్ కాలేజీలో ఇంజనీరింగు అభ్యసించాడు. అనంతరం మాడ్‌స్లే సన్స్ అండ్ ఫీల్డ్ అనే ప్రసిద్ధ యంత్రనిర్మాణ సంస్థలో ఉద్యోగం సంపాదించాడు. యుద్ధనౌకల యంత్రాలు, వంతెనలు, ఆకాశాన్నంటే వినోదచక్రాలు ఆయన ప్రతిభకు నికషోపలాలయ్యాయి. బ్లాక్‌పూల్, వియన్నా, పారిస్ నగరాల మహాచక్రాల నిర్మాణంలో ఆయన పాలుపంచుకొన్నాడు. 1897లో వెలసిన వియన్నా చక్రం రెండవ ప్రపంచయుద్ధంలో దగ్ధమైనా, పునర్నిర్మాణం పొంది నేటికీ తిరుగుతున్నది. ఇట్టి బృహన్నిర్మాణాలకు అలవాటుపడిన మేధస్సు, కంటికి ఆనని ధూళికణం వైపు మళ్ళడం విశేషం.

శీతలదేశమైన ఇంగ్లండులో నేలపై దళసరి తివాచీలు పరచుకొనడం ఆచారం. వాటిని ఊడ్చినకొద్దీ ధూళి పోగుల మధ్యకు చొచ్చుకొనిపోయేది. ఏడాదికి ఒకటి రెండుసార్లు సామానంతా తొలగించి, తివాచీలను పెరటిలోకి మోసుకొనిపోయి కర్రలతో బాదేవారు. ఆ శ్రమ భారమంతా పనివారిదే. ఆ దుమ్ము పీల్చేదీ వారే.

1901లో లండన్‌లోని ఎంపైర్ మ్యూజిక్ హాల్‌లో ఒక అమెరికన్ యంత్రాన్ని ప్రదర్శించారు. అది గాలిని బలంగా ఊది ధూళిని లేపి, ఒక పెట్టెలో పడవేయడానికి ప్రయత్నించేది. చాలా భాగం పెట్టెలో పడక చుట్టుపక్కల చెల్లాచెదరయ్యేది. ప్రదర్శనను తిలకించిన బూత్, ధూళిని ఊదడానికి బదులు పీల్చరాదా అని ఆ యంత్రకర్తను ప్రశ్నించాడు. అది అసాధ్యమని ఆయన కొట్టిపారేశాడు.

బూత్ ఆ మాటతో తృప్తి చెందలేదు. కొన్ని దినాల తరువాత విక్టోరియా వీధిలోని ఒక భోజనశాలలో, తాను కూర్చున్న మఖమల్ ఆసనంపై చేతిరుమాలు పరచి, దానిపై నోరు ఆనించి గట్టిగా గాలి పీల్చాడు. దుమ్ము గొంతుకు అడ్డుపడి ఉక్కిరిబిక్కిరైనా, రుమాలు తిప్పి చూచి పరమానందభరితుడయ్యాడు. దాని అడుగుభాగాన నల్లని ధూళి అంటుకొని ఉంది. పీల్చడం ఒక్కటే చాలదు, గాలిని పోనిచ్చి ధూళిని ఆపగల వడపోత గుడ్డ కూడ కావాలి అన్న రహస్యం ఆ రుమాలులోనే ఆయనకు లభించింది.

అదే సంవత్సరం ఆగస్టు 30వ తేదీన బూత్ తన పద్ధతికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. పంపు గొట్టంలోని గాలిని లాగివేయగా అక్కడ పీడనం తగ్గుతుంది. వెలుపలి గాలి ఆ చోటికి దూసుకొనివస్తూ ధూళిని వెంట తెస్తుంది. వడపోత ఆ ధూళిని నిలిపివేస్తుంది. సూత్రం సరళమైనదే. కాని పంపును తిప్పేదెట్లు? ఆనాడు అధికసంఖ్యాక గృహాలలో విద్యుత్తు లేదు. అందువల్ల బూత్ పెట్రోలు ఇంజనుతో నడిచే భారీ యంత్రాన్ని నిర్మించి, గుర్రాలు లాగే బండిపై అమర్చాడు. బండి వీధిలోనే నిలిచేది. పొడవైన గొట్టాలను కిటికీల గుండా గదులలోకి చేర్చి పనివారు శుభ్రం చేసేవారు. యంత్రాలను అమ్మక, బ్రిటిష్ వాక్యూమ్ క్లీనర్ కంపెనీని స్థాపించి, శుభ్రపరచే సేవనే ఆయన విక్రయించాడు.

నూతన యంత్రానికి ఆటంకాలు తప్పలేదు. దాని రొదకు తమ గుర్రాలు బెదురుతున్నాయని బండ్ల యజమానులు న్యాయస్థానానికెక్కారు. వీధిలో యంత్రాన్ని నడిపే హక్కు లేదని పోలీసులు అభ్యంతరపెట్టారు. న్యాయస్థానం బూత్ పక్షాన తీర్పు చెప్పింది. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక సందర్భంలో వెస్ట్‌మినిస్టర్ ఆబేలోని తివాచీని ఈ యంత్రమే శుభ్రం చేసింది. రాజదంపతులు ముచ్చటపడి తమ ప్రాసాదాలకు యంత్రాలు తెప్పించుకొన్నారు. సంపన్న గృహిణులు అతిథులను తేనీటి విందుకు పిలిచి, పారదర్శకమైన గొట్టాలలో తమ ఇంటి దుమ్ము పరుగెత్తే దృశ్యాన్ని వినోదంగా చూపించారు.

ఇదే కాలంలో యంత్రాన్ని వీధిలో గాక భవనంలోనే స్థిరంగా నెలకొల్పే కేంద్రీయ పద్ధతి కూడ రూపుదిద్దుకొన్నది. అమెరికాలో డేవిడ్ కెన్నీ 1902లో పిట్స్‌బర్గ్ నగరపు ఫ్రిక్ భవనంలో అట్టి ఏర్పాటు చేశాడు. యంత్రం నేలమాళిగలో ఉంటుంది. గోడలలో అమర్చిన గొట్టాలు ప్రతి అంతస్తుకూ చేరుతాయి. పనివారు చేతిగొట్టాన్ని గోడరంధ్రానికి తగిలించుకొంటే చాలు. రొద గదిలో వినిపించదు. ధూళి గదిని పూర్తిగా విడిచిపోతుంది. అయితే గోడలు లేపేటప్పుడే గొట్టాలను అమర్చుకోవాలి. పాత ఇంటికి ఆ ఏర్పాటు దుర్లభం, వ్యయం అధికం.

సామాన్యుని ఇంటికి తగిన మార్గం మరొకచోట ఉదయించింది. అమెరికాలోని ఓహాయో రాష్ట్రం కాంటన్ పట్టణంలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే వృద్ధుడు ఒక దుకాణ భవనాన్ని ఊడ్చి జీవించేవాడు. ఆయన ఉబ్బస వ్యాధిగ్రస్తుడు. ఊడ్చినపుడు లేచే ధూళి ఆయన ఊపిరికే ముప్పు తెచ్చేది. విద్యుత్ పంకా మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కూర్చి ఆయన ఒక చిన్న యంత్రాన్ని తయారుచేసుకొన్నాడు. 1908లో దానికి పేటెంటు లభించింది. గుర్రపు జీనుల వ్యాపారి విలియం హూవర్ ఆ హక్కులు కొని, యంత్రాన్ని ఇంటింటికీ చేర్చాడు. విద్యుత్తు విస్తరించినకొద్దీ చేతి యంత్రానిదే పైచేయి అయింది. బూత్ కూడ చిన్న యంత్రాలు చేయించకపోలేదు. కాని వాటి బరువు, ధర సామాన్య గృహాలకు అందలేదు.

అంతమాత్రాన పెద్ద యంత్రం వ్యర్థం కాలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో లండన్‌లోని క్రిస్టల్ పాలెస్‌లో నౌకాదళ సిబ్బందికి వసతి కల్పించారు. అక్కడ మెదడుపొరల జ్వరం ప్రబలినపుడు బూత్ సంస్థకు చెందిన 15 యంత్రాలు 26 టన్నుల ధూళిని తొలగించాయని ప్రసిద్ధి. ఆ వ్యాధి మనిషినుండి మనిషికి సంక్రమించేదని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది. కనుక దాని ఉపశమనానికి ధూళి తొలగింపే కారణమనడానికి వీలులేదు. అయినా అంతటి సౌధాన్ని శుభ్రపరచడం ఏ చేతి యంత్రానికీ సాధ్యమయ్యేది కాదు.

కేంద్రీయ యంత్రమా, చేతి యంత్రమా అన్న ప్రశ్నకు బూత్ జీవితమే సమాధానం చెబుతుంది. విశాల భవనానికి, నిర్మాణదశలో ఉన్న గృహానికి, వ్యయం భరించగలవారికి మొదటిది తగినది. చిన్న ఇంటికి, అద్దె ఇంటికి, మితవ్యయానికి రెండవది అనువైనది. అయితే చేతి యంత్రం పీల్చిన గాలిని ఆ గదిలోకే వదులుతుంది. వడపోత నాసిరకమైతే సన్నని ధూళి తిరిగి మన ఊపిరిలోకే వస్తుంది. నేడు హెపా అనే వడపోత 0.3 మైక్రాన్ల కణాలలో సైతం కనీసం 99.97 శాతాన్ని నిలుపగలదు. ఉబ్బసం వంటి వ్యాధులున్న ఇంటిలో యంత్రం పరిమాణం కన్న వడపోత నాణ్యతను ముందుగా విచారించడం వివేకం. నాటి చేతిరుమాలు బోధించిన పాఠం కూడ ఇదే.

బూత్ 1955 జనవరి 14వ తేదీన క్రాయిడన్‌లో పరమపదించాడు. ఆయన స్వదేశంలోనే ప్రజలు ఈ యంత్రాన్ని హూవర్ అని పిలవడం విధి వైచిత్రి. పేరు మరొకరికి దక్కినా, అసాధ్యమన్న మాటను తన ఊపిరితో పరీక్షించిన కీర్తి మాత్రం బూత్‌దే. చీపురు పట్టిన చేతికి శ్రమను, ఆ మనిషి రొమ్ముకు దుమ్మును తగ్గించిన ప్రతి యంత్రంలోను ఆయన ఆలోచన సజీవంగా ఉన్నది.