గాంధీజీ అర్జీ, లెక్కలోకి రాని భుజాలు

యుద్ధభూమిలో వైద్యసేవ చేసి, దానికి తగిన గుర్తింపు ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగినవారిని ఈ సంచికలో తలచుకోవాలనుకున్నాం. అందుకు మహాత్మాగాంధీ జీవితంలో అంతగా చెప్పుకోని ఒక భాగాన్ని ఎంచుకున్నాం. ఆ కథలో మన చిత్తూరు ప్రాంతానికీ చోటుంది.

1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో పుట్టిన గాంధీజీ లండన్‌లో బారిస్టరు చదివి, 1893లో ఒక వ్యాజ్యం పని మీద దక్షిణాఫ్రికా వెళ్ళారు. అప్పటికే నేటాల్ చెరకు తోటల్లో, బొగ్గు గనుల్లో, రైల్వే పనుల్లో మన ఒప్పంద కూలీలు వేలమంది ఉన్నారు. 1860 నుంచి 1911 వరకు అలా వెళ్ళినవారు సుమారు 1,52,000 మంది. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ ఎక్కినవారే. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చాలామంది వెళ్ళారు. ఆనాడు ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. చిత్తూరు జిల్లా వేరుపడింది 1911లో.

గాంధీజీకి రోగుల సేవంటే మొదటినుంచీ ఇష్టం. డర్బన్‌లో వకీలుగా ఉంటూనే, డాక్టర్ బూత్ చూసుకునే ధర్మాసుపత్రిలో రోజూ కొంతసేపు కాంపౌండర్ పని చేసేవారు. 1899 అక్టోబరులో ఆంగ్లేయులకూ బోయర్లకూ యుద్ధం మొదలవగానే, భారతీయులు సేవకు సిద్ధమని ప్రభుత్వానికి రాశారు. మొదట వద్దన్నారు. ఆంగ్లేయ సైన్యం దెబ్బతిని, గాయపడినవారు పెరిగాక సరేనన్నారు. అలా ఏర్పడిన అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది చేరారు. వారిలో స్వతంత్ర భారతీయులు 300 మంది. మిగిలిన 800 మందీ ఒప్పంద కూలీలే. నాయకులుగా ఉన్న నలభై మంది దాకా జీతం తీసుకోకుండా పనిచేశారు.

కొలెన్సో, స్పియన్‌కాప్ యుద్ధాల్లో ఈ దళం క్షతగాత్రులను స్ట్రెచర్ల మీద మోసింది. స్పియన్‌కాప్‌లో తీవ్రంగా గాయపడ్డ జనరల్ వుడ్‌గేట్‌ను మోసుకొచ్చింది కూడా వీరే. కొన్ని రోజులు 20 నుంచి 25 మైళ్ళు నడిచారు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి దాకా భుజాన మనిషిని మోసుకుంటూ పోయినట్టు. కొండదారుల్లో డోలీ కట్టి రోగిని మోసిన మనవాళ్ళకు ఆ బరువు వేరే చెప్పక్కర్లేదు.

దళం రద్దయ్యాక గాంధీజీ ప్రభుత్వానికి ఒక అర్జీ పెట్టారు. రాణి విక్టోరియా యుద్ధరంగంలోని సైనికులకు కొత్త సంవత్సరం కానుకగా చాక్లెట్ డబ్బాలు పంపింది. వాటిని జీతం లేకుండా సేవచేసిన నాయకులకూ ఇవ్వమని ఆయన కోరారు. డబ్బా విలువ చిన్నదే. అది చేతికొస్తే మాత్రం భారతీయులూ ఆ యుద్ధంలో ఉన్నారన్న రుజువు. ఆ కోరిక తీరలేదు. తరువాత జనరల్ బుల్లర్ తన నివేదికలో దళాన్ని మెచ్చుకున్నాడు. 37 మంది నాయకులకు యుద్ధ పతకం వచ్చినట్టు గాంధీజీయే రాసుకున్నారు.

ఇక్కడ మేము ఆగి ఆలోచించాం. అర్జీ నాయకుల కోసం, పతకాల లెక్క నాయకులది. మరి ఆ 800 మంది? డర్బన్‌లో దిగిన ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా నౌకల రిజిస్టర్లలో ఎక్కించారు. కూలి లెక్కకు పనికొచ్చిన ఆ పేర్లు గౌరవం దగ్గరికొచ్చేసరికి ఎవరికీ గుర్తురాలేదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద పోలీసు రిజిస్టర్లకెక్కిన ఎరుకల కుటుంబాలకు ఈ తేడా బాగా తెలుసు.

1906లో నేటాల్‌లో జులూ ప్రజలు పన్నుల భారం మీద తిరగబడ్డారు. గాంధీజీ సుమారు ఇరవై మందితో మళ్ళీ దళం కట్టి, సార్జెంట్ మేజర్ హోదాలో వెళ్ళారు. ఈసారీ ప్రభుత్వం పక్షానే. తొలినాళ్ళలో ఆఫ్రికన్ల గురించి ఆయన రాతల్లో చిన్నచూపు ఉన్న మాటా దాచకూడదు. కానీ అక్కడ ఆయనకు అప్పజెప్పింది కొరడా దెబ్బలతో పుండ్లుపడి, తెల్లవాళ్ళెవరూ ముట్టుకోని జులూ ఆదివాసులను. ఆ గాయాలు కడిగి కట్టుకట్టింది ఆ దళమే. అది యుద్ధం కాదు, మనుషుల వేట అని ఆయనకు తెలిసొచ్చింది. ఆ సేవకూ పతకం వచ్చింది.

1915లో కైజర్-ఇ-హింద్ బంగారు పతకం కూడా ఇచ్చారు. పంజాబు దురాగతాలు, ఖిలాఫత్ అన్యాయం చూశాక, 1920 ఆగస్టు 1న మూడు పతకాలనూ వైస్రాయికి తిప్పి పంపేశారు. 1921 సెప్టెంబరులో మధురైలో కొల్లాయి కట్టి, కొద్దిరోజులకే తిరుపతి వచ్చారు. అప్పటికి ఆయన ఒంటిమీద పతకం మాట అటుంచి, చొక్కా కూడా లేదు. 1948 జనవరి 30న కన్నుమూశారు.

పతకం తిప్పి పంపాలన్నా ముందు అది చేతికి రావాలి. ఆ 800 మందికి ఆ అవకాశమైనా దొరకలేదు. అందుకే మా మనవి ఇది. మన యానాది, ఎరుకల, సుగాలి, ఇరుల కుటుంబాల్లో సైన్యంలో నర్సింగ్ పనో, స్ట్రెచర్ మోసే పనో, అంబులెన్స్ నడిపే పనో చేసిన పెద్దలుంటే వారి పేరు, ఊరు, పనిచేసిన దళం, డిశ్చార్జి పుస్తకం నకలు మన సంఘానికి అందించండి. అర్జీ రాయాల్సి వస్తే మనమే రాద్దాం. ఈసారి నాయకుల పేర్లతో ఆపకుండా, మోసిన ప్రతి ఒక్కరి పేరూ రాద్దాం.