వాల్టర్ ఇలియట్

సర్ వాల్టర్ ఇలియట్ (జనవరి 16, 1803 - మార్చి 1, 1887) ఈస్టిండియా కంపెనీ మద్రాసు సర్వీసులో పనిచేసిన స్కాట్లండు దేశీయుడు. అమరావతి స్తూపాన్ని త్రవ్వించిన అధికారిగా ఇతడు తెలుగువారికి పరిచితుడు. దక్షిణ భారతదేశపు పాత నాణేలను సేకరించి, అవి ఏ వంశానివో గుర్తించే పనికి పునాది వేసినవారిలో కూడా ఇతడు ముఖ్యుడు.

ఉద్యోగ జీవితం

ఇలియట్ ఎడిన్‌బరోలో జన్మించాడు. హెయిలీబరీ కళాశాలలో చదివి 1821లో మద్రాసు చేరాడు. 1824 నాటి కిత్తూరు తిరుగుబాటులో రాణి చెన్నమ్మ పక్షంవారికి బందీగా చిక్కి, తరువాత విడుదలయ్యాడు. 1833 వరకు ధార్వాడ ప్రాంతంలో ఉంటూ శాసనాలకు నకళ్ళు సేకరించాడు. 595 శాసనాల ఆధారంగా వ్రాసిన వ్యాసం 1837లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది.

డొక్కల కరువు (1832-33) దెబ్బ నుండి తేరుకోని గుంటూరు జిల్లా రెవెన్యూ వ్యవహారాలను విచారించడానికి 1845లో వచ్చి, ఉత్తర సర్కారుల కమిషనరుగా 1854 వరకు పనిచేశాడు. అమరావతి త్రవ్వకం 1845లోనే జరిగింది. అక్కడి శిల్పాలు మద్రాసులో ఏళ్ళ తరబడి ఆరుబయట పడి ఉండి, ఆపై లండన్ చేరాయి. వాటికి ఇలియట్ పేరే నిలిచిపోయింది.

నాణేల పరిశీలన

ఆ కాలంలో దొరికిన పాత బంగారు నాణేలు చాలావరకు కంసాలి కొలిమికే చేరేవి. కరిగిపోయిన నాణెంతోపాటు ఒక రాజు ఉనికికి సాక్ష్యం కూడా పోయేది. మిగిలినవాటిలో అనేకం మీద రాజు పేరే ఉండదు. అందుచేత ఇలియట్ నాణెం మీది లాంఛనాన్ని శాసనాలతో, రాగిరేకుల ముద్రలతో పోల్చి చూశాడు. నాణెం నడుమ వరాహం ఉంటే చాళుక్యుల వైపు చూడవచ్చు. వరహా అనే పేరు కూడా ఈ బొమ్మ నుండే వచ్చింది. అయితే కాకతీయులకు, విజయనగర రాజులకు కూడా వరాహమే లాంఛనం కనుక బొమ్మ ఒక్కటే చాలదు. పలుచని రేకు మీద విడివిడి ముద్రలు కొట్టారా, లేక ఒకే అచ్చుతో పోశారా, కొట్టారా అన్నదీ, బరువూ, దొరికిన చోటూ చూడాలి.

ఈ పద్ధతి కూడా ఒక్కొక్కప్పుడు దారి తప్పిస్తుంది. కోరమాండల్ తీరంలో దొరికిన, రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ గల సీసపు నాణేలను ఇలియట్ కురుంబరులవిగా భావించాడు. రాప్సన్ 1908లో ప్రచురించిన బ్రిటిష్ మ్యూజియం పట్టికలో ఇవి ఆంధ్ర (శాతవాహన) రాజుల నాణేలలో చేరాయి. ఆరోపణ మారినా, ఆ నాణేలను కాపాడి, బొమ్మలతో ప్రచురించినందువల్లనే తరువాతివారికి సరిచూసుకొనే వీలు కలిగింది.

చివరి సంవత్సరాలు

తెలుగు జిల్లాల మొక్కల పేర్లతో ఫ్లోరా ఆంధ్రికా అనే పట్టికను 1859లో ప్రచురించి, 1860లో ఉద్యోగ విరమణ చేశాడు. 1866లో సర్ బిరుదు పొందాడు. నాణేలపై ప్రధాన గ్రంథమైన కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా 1885లో, ఇతని 82వ యేట వెలువడింది. చివరి కొన్నేళ్ళు ఇతనికి చూపు పూర్తిగా లేదు. నాణెపు అక్షరాలను పోల్చడమే వ్యాసంగంగా గల మనిషికి ఇంతకంటె పెద్ద కష్టం లేదు. వుల్ఫెలీలోని స్వగృహంలో మరణించిన రోజు ఉదయం కూడా, తిరుక్కురళ్ ముద్రణకు సిద్ధమవుతున్న జి.యు.పోప్‌కు, కీర్తిశేషుడైన ఎఫ్.డబ్ల్యు.ఎల్లిస్ వ్రాసిపెట్టుకున్న వివరాలను ఎలా ఉపయోగించవచ్చునో అడుగుతూ ఒక లేఖ చెప్పి వ్రాయించి, స్వహస్తంతో సంతకం చేశాడు.