కాసు బ్రహ్మానందరెడ్డి: దించే ఓటును మూడుసార్లు చూసిన పేట నాయకుడు

ఎన్నికలొస్తే మన ఇళ్లల్లో వినిపించే మాట ఒకటుంది. వచ్చేవాడు ఎవరైనా సరే, ఉన్నవాడు మాత్రం దిగాలి. ఆ ఓటు ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియాలంటే మన నరసరావుపేట నాయకుడు కాసు బ్రహ్మానందరెడ్డి జీవితం చూస్తే చాలు.

ఆయన 1909 జూలై 28న పేట దగ్గరి పల్లెలో పుట్టారు. లా చదివి, స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. 1964లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన హయాంలోనే, 1967లో, నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలారు. పల్నాడు మెట్టకు అది పెద్ద మేలు.

1969లో తెలంగాణ ఉద్యమం లేచింది. పోలీసు కాల్పుల్లో యువకులు చనిపోయారు. ఆ కోపంతో జనం 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితికి 10 సీట్లిచ్చారు. ఆ సెప్టెంబరులో ఆయన పదవి దిగారు. సమితి మాత్రం అదే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అడిగిన రాష్ట్రం 2014 దాకా రాలేదు.

1974లో కేంద్ర హోంమంత్రి అయ్యారు. ఆ రోజుల్లోనే ఎమర్జెన్సీ, బలవంతపు నస్‌బందీ. 1976లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ముస్లింల ఇళ్లు కూల్చారు, కాల్పులు జరిపారు. 1977లో యూపీలో 85, బీహార్‌లో 54 సీట్లుంటే కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. మన రాష్ట్రంలో మాత్రం 42లో 41 గెలిచింది. నరసరావుపేట ఎంపీగా ఆయనే గెలిచారు. ఇందిరను దించడానికి ఒక్కటైన జనతా సర్కారు 1979లోనే కూలిపోయింది.

ఈలోగా కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఆయన ఇందిరతో విడిపోయారు. 1978 అసెంబ్లీ ఎన్నికలప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్న జలగం వెంగళరావు ఆయన పక్షానే నిలిచారు. రెడ్డి కాంగ్రెస్‌కు వచ్చింది 30 సీట్లు, ఇందిర పార్టీకి 175. ముఖ్యమంత్రి అయ్యింది ఎవరు? 1969లో ఆయన మీద ఉద్యమం నడిపిన మర్రి చెన్నారెడ్డి. 1980 నాటికి ఆయనా ఇందిర గూటికే చేరి, పేట నుంచే మళ్లీ ఎంపీ అయ్యారు. 1994 మే 20న కన్నుమూశారు.

దించే ఓటు వట్టిది కాదు. ఎమర్జెన్సీకి జవాబు చెప్పింది ఆ ఓటే. అయితే అది కుర్చీ ఖాళీ చేస్తుందే గానీ, అందులో కూర్చునేవాడితో షరతు పెట్టదు. ఆ షరతేదో ఓటుకు ముందే, గడప దగ్గరికొచ్చిన అభ్యర్థిని మనమే అడగాలి.