రాజుగారి కొలువు కాదని.. నవ్వుల బాట పట్టాడు!

పరీక్ష లేదు, పోటీ లేదు. తండ్రి తర్వాత ఆ కొలువు పెద్దకొడుకుదే. అదీ ఫ్రాన్స్ రాజుగారి దగ్గర! రాజభవనానికి పరుపులు, తెరలు, గృహాలంకరణ సామగ్రి చూసుకునే పని అది. కానీ 21 ఏళ్ల ఆ కుర్రాడు నాకొద్దన్నాడు. తల్లి ఆస్తిలో తనకొచ్చే వాటాలోంచి కొంత డబ్బు తీసుకుని నాటకాల్లోకి దూకేశాడు. అతని పేరు జాన్ బాప్టిస్ట్ పోక్లాన్. ఆ తర్వాత లోకం మోలియర్‌గా గుర్తుపెట్టుకుంది.

పేరు గొప్ప.. ఊరు దిబ్బ

మోలియర్ 1622లో పారిస్‌లో పుట్టాడు. మంచి కాలేజీలో చదువుకున్నాడు. 1643లో నటి మదలిన్ బెజార్, ఆమె కుటుంబం, మరికొందరు మిత్రులతో కలిసి పది మందితో సొంత నాటక సమాజం పెట్టాడు. దానికి సుప్రసిద్ధ నాటకశాల అని అర్థమొచ్చే పేరు పెట్టుకున్నారు. బంతాట ఆడే ఓ కోర్టును అద్దెకు తీసుకుని రంగస్థలంగా మార్చారు. విషాద నాటకాలు వేశారు. జనం మాత్రం రాలేదు. అద్దె, దుస్తులు, దీపాల ఖర్చు అన్నీ అప్పులే. 1645లో కొవ్వొత్తులు అమ్మిన వ్యాపారితో సహా అప్పిచ్చినవాళ్లు కోర్టుకెక్కడంతో మోలియర్ కొన్ని రోజులు జైల్లో గడిపాడు.

ఇంటికెళ్లి పాత కొలువు అడగొచ్చు. అడగలేదు. మిగిలిన వాళ్లతో పారిస్ వదిలి పల్లెలు, పట్నాల బాట పట్టాడు. ఒకటీ రెండూ కాదు, దాదాపు 13 ఏళ్లు! అతని అసలు చదువు అక్కడే సాగింది. ఏ మాటకు జనం నవ్వుతారు, ఎక్కడ ఆవులిస్తారు అన్నది రోజూ ఎదురుగా కనిపించేది. ఇటలీ హాస్యనటుల పద్ధతులు గమనించాడు. సొంతంగా హాస్య నాటికలు రాయడం మొదలుపెట్టాడు. అండగా ఉన్న ఓ రాజవంశీకుడు మనసు మార్చుకుని చేయి వదిలేసినా బండి ఆగలేదు.

ఒక్క సాయంత్రం

1658 అక్టోబరు 24. ఇరవై ఏళ్ల రాజు పద్నాలుగో లూయీ ముందు ప్రదర్శన. మొదట వేసిన విషాద నాటకం అంతంత మాత్రంగానే సాగింది. వెంటనే ఊళ్లలో ఆడిన తన చిన్న హాస్య నాటికను వేస్తానని మోలియర్ అనుమతి అడిగాడు. రాజు పగలబడి నవ్వాడు. పారిస్‌లో వాళ్లకో హాలు దొరికింది. మరుసటి ఏడాది, నాజూకుతనం నటించే అమ్మాయిల మీద వేసిన నాటకం ఊరంతా మోగిపోయింది.

ఇక నిలదొక్కుకున్నాం అనుకునేలోపు, 1660లో ముందస్తు కబురైనా లేకుండా ఆ హాలు కూల్చేశారు. దాదాపు మూడు నెలలు వేదిక లేదు. పోటీ సమాజాలు నటులకు వల వేశాయి. ఒక్కరూ కదల్లేదు! కారణం ఉంది. అది జీతాల కంపెనీ కాదు. ఖర్చులు పోగా వచ్చిన డబ్బు వాటాల ప్రకారం పంచుకునేవారు. లాగ్రాంజ్ అనే నటుడు ఏ రోజు ఏ నాటకం, ఎంత వసూలు, ఎవరికెంత అన్నది పుస్తకంలో రాసిపెట్టేవాడు. ఆ పుస్తకం నేటికీ ఉంది. ఈస్టర్ తర్వాత సీజన్ మొదలయ్యేది. మామూలుగా వారానికి మూడు రోజులు ఆట. కొత్త నాటకం ఆడకపోతే పాతది తీసేవారు.

అయిదేళ్ల పోరు

1664లో దొంగ భక్తుడి గుట్టు విప్పుతూ రాసిన 'తార్తూఫ్' మతపెద్దలకు కోపం తెప్పించింది. బహిరంగ ప్రదర్శనను నిషేధించారు. 1667లో మార్చి రాసి వేస్తే ఒక్క ఆటతోనే ఆపేశారు. చివరికి 1669లో అనుమతి వచ్చింది. జనం విరగబడ్డారు. ఈ మధ్యలో మోలియర్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 'డాన్ జువాన్', 'మనుషులంటే గిట్టనివాడు', 'పిసినారి' లాంటి నాటకాలు ఆ నిరీక్షణలోనే వచ్చాయి.

1673 ఫిబ్రవరి 17న ఆఖరి ఆట. లేని రోగాలు ఊహించుకునే మనిషి వేషం అతనిది. అతనికున్న జబ్బు మాత్రం నిజం. ఆ రోజు విశ్రాంతి తీసుకోమంటే, ఆట ఆగితే దినకూలీలు పస్తుంటారని ఒప్పుకోలేదని చెబుతారు. వేదికపైనే నలత చేసింది. నాటకం పూర్తి చేసి, ఇంటికెళ్లాక కన్నుమూశాడు. అప్పట్లో నటులకు చర్చి అంత్యక్రియలు నిరాకరించేది. రాజు కల్పించుకుంటే గానీ రాత్రిపూట ఖననానికి అనుమతి దొరకలేదు.

అతను పోయినా సమాజం చెదరలేదు. 1680లో మరో బృందంతో కలిసి 'కొమెదీ ఫ్రాన్సేజ్'గా మారింది. మోలియర్ ఇల్లుగా పేరుపొందిన ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. అతని హాస్యం మన దాకా కూడా వచ్చింది. రాజమహేంద్రవరం హాస్యబ్రహ్మ భమిడిపాటి కామేశ్వరరావు ఆ నాటకాలకు తెలుగు వేషం కట్టారు.

కాలేజీలోనో, కాలనీలోనో నాటక బృందం పెట్టే ఆలోచన ఉందా? అయితే స్క్రిప్టుతో పాటు ఓ లెక్కల పుస్తకం కూడా తెరవండి. మొదటి ఆటకు కుర్చీలు ఖాళీగా ఉంటే, ఉన్న నలుగురూ ఎక్కడ నవ్వారో రాసుకోండి. రెండో ఆటకు అదే పెట్టుబడి.