ఔషధాన్వేషి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన కళాశాలలో రసాయనశాస్త్రము, జీవశాస్త్రము చదివిన విద్యార్థులు పట్టము చేతికి రాగానే హైదరాబాదు వైపు చూడడం ఇప్పుడు పరిపాటి అయినది. శామీర్‌పేట పరిసరాలలో 1999లో ఆరంభమైన జీనోమ్ వ్యాలీలోను, నగరము చుట్టుప్రక్కల ఇతర పారిశ్రామిక వాడలలోను కాంట్రాక్టు పద్ధతిపై పరిశోధన జరిపే ప్రయోగశాలలు అనేకము వెలసినవి. విదేశీ మందుల కంపెనీ ఒక కొత్త పదార్థమును పంపుతుంది. అది జీవకణముపై గల ఏ గ్రాహకమునకు అతుక్కొంటుంది, ఎంత గట్టిగా అతుక్కొంటుంది, ఎంత మోతాదులో ఎంత ఫలితమిస్తుంది అన్న సంగతులు ఇక్కడివారు పరీక్షించి, లెక్కలు కట్టి, నివేదిక పంపుతారు. గ్రాహకమనగా తాళము వంటిది. మందు తాళపుచెవి వంటిది. వందల చెవులు త్రిప్పి చూస్తే ఏ ఒక్కటో తాళము తీస్తుంది. ఆ ఒక్కటి మందై అంగడికి వచ్చినపుడు దానిపై కంపెనీ పేరే ఉంటుంది గాని, చెవులు త్రిప్పిన వారి పేరు ఉండదు. ఇట్టి ఉద్యోగములో చేరిన మా పూర్వ విద్యార్థి ఒకరు, తాను పరీక్షించిన పదార్థము పేరు కూడ తనకు తెలియదనీ, సీసాపై అంకె మాత్రమే ఉంటుందనీ మాతో చెప్పి నవ్వినాడు. ఆ నవ్వు విన్న నాటినుండి మాకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము వ్రాయవలెనని ఉన్నది. మేము తెలుగు బోధించేవారము. శాస్త్ర విషయములలో తప్పు దొర్లకుండ ప్రక్క గదిలోని రసాయనశాస్త్ర అధ్యాపక మిత్రులను అడిగి తెలుసుకొన్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించినారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఇల్లు పేదది. పిల్లవానికి చదువుపై మనసు నిలువలేదు. పదమూడవ ఏట ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొని ధనము గడించవలెనని బయలుదేరితే, తల్లి పట్టి తెప్పించినదని చెప్పుకొంటారు. మెట్రిక్యులేషన్ రెండు పర్యాయములు తప్పినారు. మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి మూడవ పర్యాయము గట్టెక్కినారు. మన విద్యార్థులు ఈ వాక్యమును ఒకసారి మరల చదువుదురు గాక.

ఆ పిదప మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, రామకృష్ణ మఠములో సన్న్యాసిగా చేరగోరినారు. తల్లి అంగీకరించలేదు. రోగులకు సేవ చేయవచ్చును గదా అన్న తలంపుతో వైద్య కళాశాలలో చేరినారు. అది గాంధీగారి పిలుపుతో విదేశీ వస్త్రములను బహిష్కరిస్తున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోనికి ఖద్దరు అంగీతో వెళ్లినారు. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది గిట్టలేదు. చివరకు చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. పట్టము కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగము దొరకక, డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రము బోధించినారు.

ఈ లోపలనే ఆ ఇంట పెద్ద విపత్తు జరిగినది. సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో మరణించినారు. ఇది ప్రేగులను పట్టి, తిన్న అన్నము ఒంటబట్టనీయక, రక్తము హరించి మనిషిని ఎండగట్టే జబ్బు. సుబ్బారావుగారికి కూడ అదే సోకగా లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకొన్నారు. అన్నదమ్ములను తినివేసిన ఆ రోగమునకు మందేమిటో ఆనాడు ఏ పుస్తకములోను లేదు.

1919లో శేషగిరి అమ్మగారితో వివాహమైనది. మామగారి సహాయము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూత లభించగా, 1922 అక్టోబరులో బోస్టను చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల విద్యాలయమున చేరినారు. ఇక్కడ భార్యను విడిచి వెళ్లినవారు మరల ఆమెను చూడలేదు. వారు వెళ్లిన పిదప పుట్టిన కుమారుడు తండ్రి ముఖము చూడకనే పసితనములో మరణించినాడు. ఈ భాగమును గొప్పవారి జీవితచరిత్రలలో ఒక పంక్తిలో దాటివేయడం ఆచారము. మాకు మాత్రము కలము ఇక్కడ కొంత ఆగినది. లోకమునకు మేలు చేసినవారి ఇంట ఎవరో ఒకరు దాని వెల చెల్లిస్తారు. ఆ చెల్లించినవారు శేషగిరి అమ్మగారు.

బోస్టనులో పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేసినారు. పగలు సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద జీవరసాయన పరిశోధన. రక్తములోను, మూత్రములోను ఉండే భాస్వరమును రంగు చిక్కదనము బట్టి కొలిచే పద్ధతిని వీరిద్దరు 1925లో ప్రకటించినారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచమంతట ప్రయోగశాలలలోనికి వెళ్లినది. ఆ కొలత చేతిలో ఉన్నందువలననే కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, జీవకణము శక్తిని ఖర్చుపెట్టే నాణెము వంటి ఏ.టి.పి. 1929లో బయటపడినవి. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడ ఏ.టి.పి.ని కనుగొన్నందున ఆ ఘనతలో ఆయనకూ భాగమున్నది. 1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. లభించినది. స్థిరమైన ఉద్యోగము మాత్రము హార్వర్డు ఇవ్వలేదు. వీరి పరిశోధన కొంత వెలుగు చూడకుండ ఫిస్కే అసూయతో అడ్డుపడినాడని, అదే ప్రయోగశాలలో పనిచేసి 1988లో నోబెల్ బహుమతి పంచుకొన్న జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలమున చెప్పినారు.

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములో పెర్ల్ రివర్ అనే ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, కొలది కాలములోనే పరిశోధనకు అధిపతి అయినారు. లెడర్లీ ఇప్పటి కాంట్రాక్టు ప్రయోగశాల వంటిది కాదు. తన మందులు తానే తయారుచేసి అమ్ముకొనే కంపెనీ. అయినను వందల పదార్థములను వరుసగా పరీక్షించి, పనికివచ్చినదానిని ఏరి, ఆసుపత్రికి అందించే పద్ధతి అక్కడ వీరి నాయకత్వమున ఎట్లు సాగినదో చూస్తే, నేడు హైదరాబాదులో మన పిల్లలు చేసే పనికి పూర్వరూపము కనిపిస్తుంది.

ఫోలిక్ ఆమ్లము కథ మన దేశమునుండే మొదలైనది. 1928 తరువాత లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణులలోను, పేద ముస్లిం స్త్రీలలోను రక్తహీనత ఏల వస్తున్నదని పరిశీలించి, ఈస్టు సారము ఇస్తే అది కుదురుతున్నదని 1931లో వెల్లడించినది. ఆ సారములోని గుణమంతయు ఏ పదార్థములో ఉన్నదో పిమ్మట తేలినది. అదే ఫోలిక్ ఆమ్లము. 1945లో సుబ్బారావుగారి బృందము దానిని ప్రయోగశాలలో తయారుచేసినది. అది స్ప్రూ వ్యాధికి మందైనది. సోదరులు పోయిన పాతికేండ్లకు ఆ రోగము మందు ఆ అన్నదమ్ములలో మిగిలినవాని ప్రయోగశాలనుండి వచ్చినది.

అక్కడ ఆగలేదు. బోస్టనులో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్తపు క్యాన్సరు పట్టిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లము వంటి పదార్థము ఇస్తే జబ్బు ముదురుతున్నట్లు గమనించినాడు. అటులైన, దానికి విరుద్ధమైనది ఇస్తే జబ్బు తగ్గవలెను గదా! సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలినట్లే ఉండి దాని పని చేయని అమైనోప్టెరిన్ వంటి పదార్థములను తయారుచేసి పంపినది. ఇది తాళములో దూరి ఇరుక్కొనిపోయే దొంగచెవి. ఎంజైము నోట అది అడ్డుపడితే కణము కొత్త డి.ఎన్.ఎ.ను నిర్మించలేక విభజన మానుకొంటుంది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన లెక్క ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినది. ఆ గుణము కొంతకాలమే నిలిచిన మాట నిజము. కాని అంతవరకు ఆ జబ్బుకు కొంతకాలపు ఊరట కూడ ఎరుగరు. ఆ కుటుంబములోనిదే మెథోట్రెక్సేట్. నేటికిని క్యాన్సరుకు, కీళ్లవాతమునకు వైద్యులు వ్రాసే మందు.

బంగారు వన్నె గల ఆరియోమైసిన్ కూడ ఆ ప్రయోగశాలదే. డెబ్బది దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్, మిస్సౌరీ విశ్వవిద్యాలయపు పొలము మట్టిలోని సూక్ష్మజీవినుండి దానిని వెలికి తీసినాడు. 1948లో లోకమునకు వెల్లడి అయినది. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటిది.

ఇక బోదకాలు. ఉర్దూలో దీనిని ఫీల్‌పా అంటాము. రెండవ ప్రపంచ యుద్ధములో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడముతో అక్కడివారికి దానిపై శ్రద్ధ కలిగినది. గోదావరి మండలమున పుట్టిన సుబ్బారావుగారికి బోదకాలు కొత్త సంగతి కాదు. ఫైలేరియా పురుగు సోకిన పత్తి ఎలుకలపై హ్యూయిట్ మొదలైనవారు పదార్థము వెనుక పదార్థము పరీక్షించగా, డైఇథైల్ కార్బమజీన్ నిలిచినది. హెట్రాజాన్ పేర 1947లో అది వైద్యుల చేతికి వచ్చినది.

1948 ఆగస్టులో ఒక రాత్రి సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించినారు. వయస్సు 53. దేశము స్వతంత్రమై ఏడాది అయినది. వారు తిరిగి వచ్చి చూచినది లేదు. భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందే హక్కు 1946లో వచ్చినను దానిని పుచ్చుకొననూ లేదు. పత్రికాప్రకటనలకు దూరముగా ఉండి, కీర్తి తోటివారిదేనని ఒదిగినారు. ఆ ఒదుగుడు కొంత ఎక్కువైనదేమోనని మాకు తోస్తుంది. శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టినారు. 1995లో మన ప్రభుత్వము తపాలా బిళ్ల వెలువరించినది.

ఫైలేరియా మాత్రల పంపిణీ జరిగే రోజులలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వచ్చి, తమ ఎదుటనే మ్రింగుమని చెప్పడం మన విద్యార్థులలో చాలమంది ఎరిగినదే. ఆల్బెండజోల్‌తో పాటు వయస్సును బట్టి ఒకటి, రెండు, మూడు చొప్పున ఇచ్చే ఆ చిన్న తెల్లని మాత్ర డైఇథైల్ కార్బమజీన్.